గొలుసు పెట్టిన గేటు

దీవిలోని గ్వావ్ ఊరి వాళ్ళకి ‘పాస్’ అన్న ఒక్క మాట ఉంటే చాలు, సంసారం నడిచిపోతుంది. పరీక్ష గట్టెక్కితే పాస్. బస్సు ఆగకుండా పోతే పాస్. దారిన పోతూ ఎవరింటికైనా వచ్చి పలకరిస్తే పాస్. ఊపిరి ఆగినా పాసే. ఏది ఏదో మనమే తెలుసుకోవాలి. తెలియకపోతే మన ఖర్మ.

ఆ పొద్దున వెర్లిన్ ఎదురింటి ఓరీలియా చేపల వ్యాన్‌లోంచి తల బయటపెట్టి అరిచింది. “ఒసేయ్ వెర్లిన్! మీ అల్‌స్టన్ పాసయ్యాడే, తెలిసిందా?”

వ్యాన్ ఆగలేదు.

అల్‌స్టన్ వెర్లిన్‌కి ఒక్కగానొక్క తమ్ముడు. పడవెక్కి పోవాల్సిన ట్రినిడాడ్ దీవిలో ఉంటాడు. గుండె జబ్బుతో మంచాన పడ్డాడని పోయిన నెలే తెలిసింది. తల్లి అంత్యక్రియలకి రాలేదని వెర్లిన్ వాడితో మాట మానేసింది, నా గుమ్మం తొక్కొద్దని కబురు కూడా పంపింది. కోపం చల్లారి చాలా కాలమైంది. రమ్మందాం, రమ్మందాం అనుకుంటూనే ఏళ్ళు గడిపేసింది.

ఇప్పుడు ఏడుపు రావాలి. రాలేదు. పొయ్యి మీద కోకో పొంగిపోయింది, తుడిచింది. వాకిలి ఊడ్చింది. ఊడ్చిన వాకిలే మళ్ళీ ఊడ్చింది. పెట్టెలోంచి అంత్యక్రియలకి వేసుకునే నల్లగౌను తీసి ఇస్త్రీ చేసింది. చెయ్యి కాలింది, నొప్పి తెలియలేదు. నేనింత రాయినా అనుకుంది. ఆ అనుకోవడంలో కూడా బాధ లేదు.

సాయంత్రం ఓరీలియా చేపలు పట్టుకుని వచ్చింది. కుర్చీ మీద నల్లగౌను చూసి ఆగిపోయింది.

“ఎవరే పోయింది?”

“నువ్వే కదా చెప్పావు. అల్‌స్టన్.”

“నీ నోట్లో మన్ను పడ! పోయాడని ఎవరన్నారే? పాసయ్యాడన్నాను. మీ ఇంటికొచ్చాడే మహాతల్లీ! తెల్లారగానే నీ గేటు పట్టుకుని ఎంతసేపు పిలిచాడనుకున్నావు! గొంతు లేవలేదు పాపం, కర్ర ఊతంగా నిలబడ్డాడు. నిద్రపోతోందేమో, తలుపు కొట్టరా అని నేనంటే, అక్క తన గుమ్మం తొక్కొద్దంది అన్నాడు. ఇంతలో బస్సొచ్చింది, పడవ వేళైందని ఎక్కేశాడు.”

గేటు గొలుసు చప్పుడు వెర్లిన్ అప్పుడే విన్నది. చర్చి లాటరీ టిక్కెట్లు అంటగట్టే మనిషి అనుకుని, పలక్కుండా ఊపిరి బిగబట్టి పడుకుంది.

“ఏమైనా అన్నాడా?”

“మళ్ళీ పాసవుతానని చెప్పమన్నాడు.”

ఏ పాసో వెర్లిన్ అడగలేదు. వెళ్ళి గేటు గొలుసు తీసి పక్కన పడేసింది. చచ్చిపోయాడనుకున్నప్పుడు రాని ఏడుపు అప్పుడు వచ్చింది.