కొయ్యనివ్వని ఉంగరం

నేను ఒక గుత్తిని. తాళాల గుత్తి అనుకుని నన్ను బీరువా దగ్గరికి పట్టుకెళ్ళినవాళ్ళు ఇప్పటికే ఇద్దరున్నారు, మీరు మూడోవారు కావద్దు. నాకున్నవి ముప్ఫై ఆరు ఇత్తడి వలయాలు. ఒకటో నంబరు పసిపిల్ల వేలికి పడుతుంది. ముప్ఫై ఆరో నంబరైతే పహిల్వాను బొటనవేలికి కూడా వదులే. ఉంగరం కొనడానికి వచ్చిన మనిషి వేలికి ఏ కొలత సరిపోతుందో చెప్పడం నా ఉద్యోగం.

పుట్టింది రాజ్‌కోట్‌లో, ఒక ఇరుకు కార్ఖానాలో. ఒక్కో వలయం మీద సుత్తితో నంబరు కొట్టి, అన్నిటినీ ఒక కడియానికి గుచ్చి, డజను గుత్తుల్ని ఒకే అట్టపెట్టెలో కుక్కారు. మళ్ళీ వెలుతురు చూసేసరికి చిలకలూరిపేటలో ఉన్నాను, నగలూ గడియారాలూ కలిపి అమ్మే కొట్లో. మొదట కొట్టు పెట్టిన పెద్దాయన చేతిలో మెలిగాను. ఆయన తరవాత కోడలు నాగరత్నం చేతికి వచ్చాను. కొట్లో ఎడమవైపు ఆవిడ బంగారం, కుడివైపు మస్తాన్ గడియారాల బల్ల. ఒక కంటికి భూతద్దం తగిలించుకుని పొద్దస్తమానం వంగి కూర్చునే మనిషి మస్తాన్. పిడుగు పడ్డా బల్ల దగ్గర నుంచి లేవడని నాగరత్నం వేళాకోళం చేస్తుంది.

వేళ్ళ సంగతి నన్నడగండి. లావుగా ఉన్నానని ఒప్పుకునే మనిషి ఉండొచ్చు గానీ, వేలు లావని ఒప్పుకునే మనిషిని నేనింతవరకు చూడలేదు. పద్దెనిమిది సరిగ్గా పడితే పదహారే చాలంటారు. ఇక భార్యకు తెలియకుండా ఉంగరం చేయిద్దామని వచ్చే మగవాళ్ళు మరీ ముచ్చట. వేలెంత ఉంటుందని అడిగితే తమ చిటికెన వేలు చూపిస్తారు, నాగరత్నం వేళ్ళకేసి చూసి ‘సుమారు మీ అంతే’ అంటారు. ఒకాయనైతే కొలతకని ఇంట్లో పెట్టెలోంచి గుట్టుగా ఒక వెండి చుట్టు తెచ్చాడు. అది ఆవిడ కాలి మెట్టె. పాతికేళ్ళు కాపురం చేసిన మనిషి అది ఏ వేలిదో ఎరగడు. నాగరత్నం నవ్వు ఆపుకోలేక లోపలికి వెళ్ళి మంచినీళ్ళు తాగి వచ్చింది.

ఇవన్నీ సరే, కరుణమ్మ వచ్చిన రోజు సంగతి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు.

మే నెల మధ్యాహ్నం. కొట్టు ముందు ఆటో కీచుమని ఆగింది. ఆటో నడిపే ఏలియా తన భార్యను రెక్క పట్టుకుని లోపలికి తెచ్చాడు. కరుణమ్మ మిర్చి యార్డులో కాయలకు తొడిమలు తీసే మనిషి. పొద్దున దండెం మీద బట్టలు తీస్తుంటే కందిరీగ ఉంగరపు వేలి మీదే కుట్టింది. వేలు వంకాయ రంగు తేలి ఉబ్బిపోయింది, ఉంగరం ఆ వాపులో సగం మునిగిపోయింది. ఆస్పత్రిలో సూది వేసి, ఉంగరం కోసేయాలన్నారట. లేకపోతే వేలికి రక్తం అందక అసలుకే మోసం వస్తుందన్నారట. ఈవిడ ఒప్పుకోలేదు. కొన్న కొట్లోనే తీయించుకుంటానని మొండికేసింది. డాక్టరమ్మ విసుక్కుని అరగంట టైమిచ్చింది. అందులో పది నిమిషాలు దారిలోనే అయిపోయాయి.

నాగరత్నం ఒక్క చూపు చూసి, ఉంగరాలు కోసే చిన్న రంపం బయటికి తీసింది. కరుణమ్మ చెయ్యి వీపు వెనక దాచుకుంది.

“కొయ్యొద్దమ్మా, నీకు దణ్ణం పెడతా. పాస్టరుగారు ప్రార్థన చేసిచ్చిన పెళ్ళుంగరం ఇది. లోపల ఆయన పేరుంది. సబ్బు రాసి తోసి పెట్టారు, పద్దెనిమిదేళ్ళుగా ఏలినుంచి తియ్యలా.”

“పక్కన మనిషిని నేనే ఉంటే పేరు దేనికే నీకు?” అన్నాడు ఏలియా.

అప్పుడు మస్తాన్ లేచాడు. అవును, బల్ల దగ్గర నుంచి లేచాడు. నాగరత్నం చేతిలోని రంపం నోరు తెరిచి చూసింది, నేనూ చూశాను. కరుణమ్మను చెయ్యి పైకెత్తి పట్టమన్నాడు. ఏలియాను పక్కనున్న సోడా కొట్టుకు ఐసు కోసం తరిమాడు. ముత్యాలు గుచ్చే పట్టుదారం ఇమ్మని నాగరత్నాన్ని అడిగాడు. ఆ తరవాత నన్ను అందుకున్నాడు. నా వలయాల్ని ఒక్కొక్కటే ఆ ఉంగరం పక్కన పెట్టి చూసి, ఇది పదమూడో నంబరన్నాడు. ఇంత వేలికి పదమూడు కొలిచిన మహానుభావులెవరో అని నాగరత్నం గొణిగింది. నాకూ చిన్నతనంగానే అనిపించింది.

ఐసు పెట్టాక, గడియారాలకు వాడే సన్నని పట్టకారుతో దారం కొసను ఉంగరం కింది నుంచి అరచేతి వైపు లాగాడు. మిగతా దారాన్ని ఉంగరం అంచు నుంచి గోరు దాకా సందు లేకుండా బిగించి చుట్టాడు. వాపు అణగాలి, కణుపు దాటాలి. దాటుతుందో లేదో ముందే తెలియడానికి నా పదమూడో వలయాన్ని గోరు వైపు నుంచి ఎక్కించాడు. నేను దాటితే ఉంగరమూ దాటుతుంది. నేను ఆగిపోతే రంపమే గతి. నా బతుకులో ఎన్నో వేళ్ళెక్కాను గానీ గుండె దడదడలాడుతూ ఎక్కింది అదొక్కటే.

కణుపు దగ్గర ఆగిపోయాను.

గోడ మీద పాతిక గడియారాలున్నాయి, ఏ రెండూ ఒకే టైము చెప్పవు. ఏలియా అన్నిటికంటే వెనకబడి నడుస్తున్నదాన్ని చూసుకుని ఇంకా పదకొండు నిమిషాలుందన్నాడు. ఎవరూ కాదనలేదు. మస్తాన్ దారమంతా విప్పాడు, మళ్ళీ ఐసు పెట్టాడు, నూనె రాశాడు, ఈసారి ఇంకా బిగించి చుట్టాడు. కరుణమ్మ కొంగు నోట్లో కుక్కుకుని కళ్ళు మూసుకుంది. నన్ను మళ్ళీ ఎక్కించాడు. కణుపు దగ్గరికి వచ్చాను, ఒక క్షణం పట్టేసింది. మస్తాన్ కాస్త అటూ ఇటూ తిప్పాడు. దాటాను, మహాప్రభో, దాటాను.

ఆ తరవాత పని చకచకా జరిగిపోయింది. మస్తాన్ అరచేతి వైపు కొసను పట్టుకుని దారం విప్పుతుంటే, ఒక్కో చుట్టుకూ ఉంగరం ఒక్కో అంగుళం కాదు గానీ ఒక్కో వెంట్రుక వాసి ముందుకు జరిగింది. కణుపెక్కింది, కణుపు దిగింది, గోరు మీదుగా జారి నాగరత్నం అరచేతిలో పడింది. ఏలియా మస్తాన్‌ను ఎత్తి కౌగలించుకున్నాడు. కంటికున్న భూతద్దం ఎగిరి కింద పడింది. ఉంగరం శుభ్రం చేసి ఉంచమని చెప్పి, మొగుడూ పెళ్ళాలు ఆస్పత్రికి పరుగెత్తారు.

శుభ్రం చేద్దామని మస్తాన్ భూతద్దం పెట్టి లోపలివైపు చూశాడు. చూసినవాడు ఉంగరాన్నీ భూతద్దాన్నీ నాగరత్నానికి అందించాడు. లోపల చెక్కి ఉన్న పేరు ఏలియా కాదు. దేవసహాయం.

నాగరత్నానికి అంతా గుర్తొచ్చింది, నాకూ గుర్తొచ్చింది. పద్దెనిమిదేళ్ళ కింద ఆవిడ కొత్త కోడలు, కొట్లో కూర్చోవడం అదే మొదలు. ఒకే పొద్దున ఇద్దరు పెళ్ళికొడుకులు ఉంగరాల కోసం వచ్చి, ముహూర్తం మించిపోతున్నట్టు నాకు ముందంటే నాకు ముందని తొందర పెట్టారు. రెండూ ఒకే రకం ఎర్ర డబ్బీలు. మూత తెరిచి చూడకుండా ఆవిడే చెరొకటి చేతిలో పెట్టింది. కరుణమ్మ వేలికి నేను చెప్పిన కొలత పదహారు, వెళ్ళింది పదమూడు. నా కొలతలో తప్పు లేదని తెలిసి ఒక్క క్షణం సంతోషించాను, ఆ వెంటనే సిగ్గుపడ్డాను.

కావాలంటే ఈ మాట దాచేయొచ్చు. వేలి నుంచి ఎన్నడూ తీయని మనిషి లోపల చూసుకోబోదు. మస్తాన్ తన బల్ల దగ్గరికి వెళ్ళిపోయాడు, చెప్పమనీ అనలేదు, వద్దనీ అనలేదు. నాగరత్నం ఆ మధ్యాహ్నం నాలుగు బేరాలు పాడుచేసింది. సాయంత్రం కట్టుతో వచ్చిన కరుణమ్మ కూర్చునే లోపే మొత్తం చెప్పేసింది.

“తప్పు నాదేనమ్మా. మీ ఆయన పేరుతో కొత్తది చేసిస్తా. ఏమన్నా అనాలనుంటే అను, పడతా.”

కరుణమ్మ ఉంగరాన్ని చాలాసేపు చూసింది. తిడుతుందనుకున్నాం. పక్కకు తిరిగి మొగుడితో, ఇన్నేళ్ళూ ఎవరి పేరో మోశానయ్యా అని పకపకా నవ్వింది. ఏలియా నవ్వలేదు. ఆ దేవసహాయం తనకు తెలిసిన మనిషేనన్నాడు, పక్క ఊరి బడి పంతులు. రెండేళ్ళ కింద గుండెపోటుతో పోయాడు. ఆ మాట విన్నాక కరుణమ్మ నవ్వు ఆగిపోయింది. ఉంగరాన్ని కొంగులో ముడేసుకోబోయి, మళ్ళీ విప్పి నాగరత్నానికే ఇచ్చేసింది.

వాపు పూర్తిగా తగ్గాక, పది రోజులకు, ఏలియా తన ఆటోలోనే పంతులుగారి భార్య సువార్తను తీసుకొచ్చాడు. సన్నటి మనిషి. ఆవిడ ఉంగరం వేలికి వదులు, అందుకని లోపల దారం చుట్టుకుంది. పాత దారం మీదే కొత్తది చుట్టుకుంటూ వచ్చింది గానీ ఏనాడూ మొత్తం విప్పలేదు. మస్తాన్ పట్టకారుతో ఆ దారాలన్నీ ఊడదీశాడు. అడుగున ఏలియా పేరు చెక్కుచెదరకుండా ఉంది.

ఏలియా అందరి ముందూ తెగ సిగ్గుపడుతూ దాన్ని భార్య వేలికి తొడిగాడు. ఏ బలవంతమూ లేకుండా వెళ్ళింది. కరుణమ్మ దాన్ని తీసింది, పెట్టుకుంది, మళ్ళీ తీసింది. చిన్నపిల్లలా అదే ఆట.

సువార్త మాత్రం నాగరత్నం ఇచ్చిన తన ఉంగరాన్ని ఇంకా వేలికి పెట్టుకోలేదు. కళ్ళజోడు తెచ్చుకోలేదు. మస్తాన్ భూతద్దం ఇస్తే కంటికి ఆనించుకుని ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివింది. ఆయన పోయాక ఆయన చేత్తో ఇచ్చినది ఇదొక్కటే మిగిలిందని ఇన్నాళ్ళూ ఏలియా పేరున్న ఆ ఉంగరాన్ని పట్టుకుని ఏడ్చానంది. ఆయన పేరున్నది వేరే ఇంట్లో ఉందని కలలో కూడా అనుకోలేదంది. ఆ తరవాత కరుణమ్మ చెయ్యి పట్టుకుంది.

“దీన్ని కొయ్యనియ్యలేదంటగా నువ్వు.”

“మా ఆయన పేరనుకున్నా అక్కా.”

సువార్త ఆ చేతిని కళ్ళకద్దుకుంది. ఆ రోజు రంపం కదిలి ఉంటే అది సరిగ్గా ఆ పేరు మీదుగానే వెళ్ళి ఉండేదని నాకు తెలుసు. నా పదమూడో వలయం ఎక్కిన వేళ్ళన్నీ మరిచిపోయినా ఆ కణుపును మరిచిపోలేను.

నాగరత్నం కళ్ళు తుడుచుకుని, కొట్టు మర్యాద గుర్తొచ్చి, మెరుగు పెట్టే గుడ్డ అందుకుంది. ఒక్క నిమిషంలో కొత్తదానిలా చేసిస్తానంటూ ఉంగరం కోసం చెయ్యి చాపింది. సువార్త గుప్పిలి మూసేసింది.

“వొద్దమ్మా. రుద్దితే పేరు అరిగిపోద్ది.”