నడుముకు ముడేసిన తువ్వాలు

తినేశారు, నలుగురూ చేరి మా అన్నయ్యని బతికుండగానే తినేశారు, ఇప్పుడు మిగిలిన ఎముకలకి నంబరు వేస్తున్నారు, నాలుగా అయిదా అని జుట్లు పట్టుకుంటున్నారు, ఆయన అదే హాల్లో అదే గోడ కింద బల్ల మీద కూర్చుని ఉండగానే, వినపడదనుకున్నారో, వినపడినా ఒకటే అనుకున్నారో, ఉతికిన తువ్వాళ్ళ మూట చంకన పెట్టుకుని నేను గుమ్మంలోకి వచ్చేసరికి ఇదీ వరస, కొత్తగా వేసిన తెల్లసున్నం మీద అన్ని కాలాల్లోకీ గొప్ప బాక్సర్లు అని నీలంరంగుతో పెద్దక్షరాలు రాయించారు, కింద పది గీతలు గీయించారు, మూడు గీతలు నిండాయి, నాలుగో గీత దగ్గర నిచ్చెన మీద పెయింటరు కుంచె పట్టుకుని కోడిలా ఒంటికాలి మీద నిలబడ్డాడు, తొందరగా తేల్చండి సార్, రంగు గడ్డకడుతోంది, మీ గొప్పోళ్ళందరికీ కలిపి ఈ ఒక్క డబ్బానే, అంటున్నాడు, ఎదురుగా రింగులో మా అన్నయ్య కూతురు దెబ్బలు తింటోంది, అటు ఒక్కడూ చూడడేం, అందరి మెడలూ గోడవైపే తిరిగి ఉన్నాయి.

పైమూడూ సముద్రాల అవతలివాళ్ళవి, ఇక్కడెవరూ కళ్ళారా చూసినవాళ్ళు కారు, పాత సినిమా ముక్కల్లో చూసి ఈ హాలువాళ్ళు పెట్టుకున్న ముద్దుపేర్లు, సుత్తి, మెరుపు, ఎడంచేతి దొర, వాళ్ళని వరస పెట్టడానికే పొద్దున్నుంచీ ఇంత రభస, రిటైరైన విలేకరి ఉన్నాడే, ముప్ఫై ఏళ్ళు బాక్సింగు గురించి రాశాడు, ఒక్కసారైనా చేతికి గ్లవుజు తొడిగినవాడు కాడు, ముందు గొప్ప అంటే ఏంటో తేల్చండయ్యా అంటాడు, గెలుపులు లెక్కపెడదామా, ఎవరి మీద గెలిచాడో చూద్దామా, మెరుపు ఓడలేదు, సరే, ఎవరితో ఆడాడు, సగంమంది పళ్ళూడిపోయిన ముసలాళ్ళు, దానికి బస్సు కండక్టరు గయ్యిమన్నాడు, సుత్తి కాలంలో పదిహేను రౌండ్లండీ బాబూ, ఇప్పటివాళ్ళు పన్నెండుకే అమ్మానాన్నల్ని తలుచుకుంటున్నారు, ఆ కాలాన్నీ ఈ కాలాన్నీ ఒకే తక్కెట్లో ఎలా పెడతారు, పెట్టచ్చు, అంటాడు విలేకరి, బరువు తీసేసి చూడాలి, చిన్నోణ్ణీ పెద్దోణ్ణీ మనసులో ఒకే ఒళ్ళు ఇచ్చి ఎదురెదురుగా నిలబెట్టాలి, మనసులో అయితే నేనూ ఛాంపియన్నే సార్, నా పేరు రాసేయమంటారా, అన్నాడు పెయింటరు, అందరూ నవ్వారు, మా అన్నయ్య కూడా నవ్వాడు, ఎందుకు నవ్వాడో ఆయనకి తెలియదు, నలుగురు నవ్వితే నవ్వాలని మాత్రం ఇంకా గుర్తుంది.

మాస్టారు నవ్వలేదు, ఈ హాలు ఆయనది, మా అన్నయ్యకి చెయ్యి ఎత్తడం నేర్పింది ఆయన, చెయ్యి దించడం నేర్పలేదు, ఆయన గొంతు సవరించుకుంటే మిగతావాళ్ళ గొంతులు మూతపడతాయి, ఇవేవీ కాదర్రా, అన్నాడు, గెలుపు అదృష్టం, ఓటమి జడ్జీల దయ, పడ్డాడా పడలేదా, అదొక్కటే కొలత, నా గోడ ఒక్కసారైనా పడ్డాడేమో చెప్పండి, అన్నాడు, గోడ అంటే మా అన్నయ్య, ఎంత కొట్టినా పడడు గనక పెట్టిన పేరు, అసలు పేరు వదిన తప్ప ఎవరూ పిలవరు, వదిన పొద్దున్నే అన్నయ్య చొక్కాకి గుండీలు పెట్టి కుట్టు కార్ఖానాకి వెళ్ళిపోతుంది, మధ్యాహ్నంలోగా ఆయన అన్నీ విప్పి మళ్ళీ పెట్టుకుంటాడు, ఒక గుండీ పైకి, అలాగే వంకరగా కూర్చున్నాడు ఇప్పుడూ, గడ్డం కింద చొక్కా ముక్క పైకి లేచి, చేతులు తొడల మీద వణుకుతూ, ఎవరో కనిపించని డోలు వాయిస్తున్నట్టు.

ఇక చెప్పేశాడు మాస్టారు, ఆ కథ, నాకు తెలుసు చెబుతాడని, ఎవరు కొత్తగా వచ్చినా చెబుతాడు, ఎవరూ కొత్తగా రాకపోయినా చెబుతాడు, ఆఖరి పోటీలో విరామంలో స్టూలు మీద కూర్చుని మావాడు, మాస్టారూ నాకు కనబడట్లేదు అన్నాడు, నేనన్నాను, వాడికీ కనబడట్లేదులేరా, పోయి తడుముకోండి ఇద్దరూ, హహ, కండక్టరు తొడ చరిచాడు, విలేకరి ఇంతకుముందు ఎన్నోసార్లు నవ్వి ఉంటాడు, మళ్ళీ నవ్వాడు, చూశారా, అదీ ధైర్యం, కళ్ళు కనబడకుండా చివరిదాకా నిలబడ్డాడు, నాలుగు కాదయ్యా, మూడు ఇవ్వాలి, దొరని కిందికి దింపండి, అని లేచాడు కండక్టరు, నవ్వండి, నవ్వండి, ఒక మనిషి కళ్ళు పోతున్నాయని చెప్పుకుంటే దానికి మీరిచ్చిన జవాబు మీకు జోకు, ఆ జోకే మీకు సాక్ష్యం, ఆ సాక్ష్యంతోనే ఆయనకి నంబరు, హంతకుడు తన కత్తి తనే చూపించి చప్పట్లు కొట్టించుకోవడం ఇక్కడే చూశాను.

గంట మోగింది, ఇక్కడ గంట ఎవరూ కొట్టరు, గోడకున్న యంత్రం దానంతటదే కొడుతుంది, రౌండుకీ విరామానికీ, అది మోగగానే మా అన్నయ్య లేచాడు, ప్రతి గంటకీ లేస్తాడు, పిడికిళ్ళు చెంపల దగ్గరికి తెచ్చాడు, గోడవైపు తిరిగి నిలబడ్డాడు, ఎన్నో రౌండమ్మా, అన్నాడు నన్ను చూసి, నేను ఆయన భుజం నొక్కి కూర్చోబెట్టాను, కూర్చుంటాడు కానీ పిడికిళ్ళు విప్పడు, చూడండి, ఇంకా పడలేదు మా సింహం, అన్నాడు కండక్టరు, అతని కళ్ళు చెమర్చాయి కూడా, అదే నాకు ఎక్కువ మంట, వీళ్ళు చెడ్డవాళ్ళై ఉంటే బాగుండేది, ప్రేమగా తింటున్నారు.

రింగులో విరామం, పిల్ల స్టూలు మీద కూలబడింది, ఎదుటిపిల్ల దీనికంటే జానెడు పొడుగు, భుజాలు తలుపంత ఉన్నాయి, వచ్చే వారం జట్టు ఎంపికట, అందుకని బరువైనదానితో ఆడిస్తే గట్టిపడుతుందట, గట్టిపడటానికి ఇదేమన్నా సిమెంటా, మొన్న ఇలాగే ఆడించి పంపిస్తే స్నానాలగదిలో వాంతి చేసుకుంది, బూట్లు కాళ్ళు మార్చి తొడుక్కుంది, అత్తా, లైట్లు ఎందుకిలా గుచ్చుకుంటున్నాయి, అంది, నాన్నకి చెప్పకు, అంది, ఏ నాన్నకి చెప్పనే, చెబితే గుర్తుండే నాన్న ఎక్కడున్నాడు, మాస్టారుకి చెప్పాను, మొదట్లో అంతేనమ్మా, తండ్రి దవడే దానిదీ, ఇంకో ఏడాదికి నొప్పే తెలియదు, అన్నాడు, అవును, నొప్పి తెలియని మనిషి ఎలా ఉంటాడో బల్ల మీద కూర్చున్నాడుగా, ఇప్పుడు పిల్ల నీళ్ళ సీసా అందుకోబోయి పక్కనున్న గాలిని పట్టుకుంది, మళ్ళీ పట్టుకుంది, మూడోసారికి సీసా దొరికింది, అది నేను చూశాను, హాలంతటిలో నేనొక్కదాన్నే చూశాను.

తువ్వాలు, మాస్టారు తువ్వాలు, చూడండి ఎక్కడుందో, రింగు మూలన నిలబడేవాళ్ళు ఎక్కడైనా భుజం మీద వేసుకుంటారు, ఆటగాడి పని అయిపోయిందనుకుంటే లోపలికి విసరడానికి, విసిరితే పోటీ ఆగిపోతుంది, అంతే, అంత తేలిక, ఈయన మాత్రం నడుముకు చుట్టి ముడేసుకుంటాడు, భుజం మీద ఉంటే చెయ్యి దురదపెడుతుందట, నా తువ్వాలు ఏనాడూ తాడు దాటలేదు అని చెప్పుకోవడం ఆయన మీసం తిప్పడం, వారంవారం ఈ హాలు బట్టలన్నీ ఉతికేది నేనే, తక్కినవాటి నిండా నెత్తురు, చీమిడి, చెమట, చల్లనీళ్ళలో నానబెట్టి రుద్దితేగానీ వదలదు, ఈయనది మాత్రం ఎలా వెళ్ళిందో అలా తిరిగొస్తుంది, తెల్లగా, ఒక్క మరక లేకుండా, గంజి కాస్త ఎక్కువ పెట్టమ్మా, అంటాడు, పెళ్ళికొడుకు పంచెలా నిలబడాలి ఆయనకి, మచ్చలేని తువ్వాలు చూసి ఊళ్ళో మర్యాద అనుకుంటారు, ఉతికేదాన్ని గనక నాకు తెలుసు దాని అర్థం, దాంతో ఎవరి ముఖమూ తుడవలేదని.

మా లాండ్రీలో నీళ్ళు పిండే యంత్రం ఉంది, ఒకసారి ఒక పిల్ల చెయ్యి లాగేసింది, ఆపే మీట యజమాని గదిలో ఉండేది, అరిచాం, ఆయన ఫోనులో ఉన్నాడు, ఆ తర్వాత మేమంతా బట్టలు నీళ్ళలో వదిలేసి గుమ్మం ముందు కూర్చున్నాం, పరిహారం సంగతి తర్వాత, ముందు మీట యంత్రం పక్కకి రావాలి, ఎవరి చెయ్యికైనా అందాలి, అన్నాం, మీలాంటివాళ్ళకి మీట అందిస్తే ఊరికే ఆపేస్తుంటారు అన్నాడు, ఆపుతాం, అన్నాను నేను, వచ్చింది మీట, ఎర్రగా, నా భుజం ఎత్తున, అప్పట్నుంచి ఎన్నిసార్లు ఆపామో, ఏ బట్టా చిరగలేదు, ఏ చెయ్యీ పోలేదు, మరి ఇక్కడ మీట ఎక్కడుంది, ఒకే మనిషి నడుముకి, గంజి పెట్టి, ముడేసి, ఆ మనిషి గోడవైపు తిరిగి దొర గొప్పా గోడ గొప్పా అని తగువులాడుతున్నాడు.

మళ్ళీ గంట, పిల్ల లేచింది, అన్నయ్యా లేచాడు, ఇద్దరూ ఒక్కసారే, ఒకే తీరున, ఎడమ భుజం ముందుకి, అచ్చు పోసినట్టు, పిల్లకి మొదటి దెబ్బ చెవి మీద తగిలింది, మోకాళ్ళు వంగాయి, మళ్ళీ నిలబడింది, భేష్, గోడ కూతురు, అని ఇప్పుడు తిరిగి చూశాడు విలేకరి, పడలేదు చూశారా, రక్తంలోనే ఉంది, అన్నాడు మాస్టారు, పదకొండో గీత ఒకటి గీయమంటారా సార్ పాపకి, అన్నాడు పెయింటరు, ఎన్నో రౌండమ్మా, అంటున్నాడు అన్నయ్య నా పక్కన, ఎన్నో రౌండు, ఆ వణికే పిడికిళ్ళ మీద నా చెయ్యి వేశాను, అయిపోయింది అన్నయ్యా, అన్నాను, అయిపోయిందా, అన్నాడు, ఎవరన్నారు, నేనే అంటున్నా, అయిపోయింది, ఆయన నా ముఖంలోకి చూశాడు, పిడికిళ్ళు విప్పాడు, ఒక్కొక్క వేలూ, విప్పి తనంతట తనే కూర్చున్నాడు, అమ్మయ్య, అన్నాడు.

అమ్మయ్యట, ఇదా మీ గొప్ప, ఇదా మీ కొలత, ఆయన బలంతో నిలబడలేదు మాస్టారూ, మీ మాట కోసం నిలబడ్డాడు, అయిపోయిందిరా అని మూలనుంచి ఎవరో ఒకరు చెబుతారని నిలబడ్డాడు, అప్పట్నుంచీ అలాగే నిలబడే ఉన్నాడు, ఇదిగో ఈ పిల్ల కూడా మీవైపు చూస్తోంది, కొట్టినదానివైపు కాదు, మీవైపు, గోడ మీద ఏ గీత మీద ఎవణ్ణైనా ఎక్కించుకోండి, నాకు పనిలేదు, తువ్వాలు ఇకనుంచి తాడు మీద వేలాడాలి, ఎవరి చెయ్యికైనా అందేలా, అది రేపటి మాట, ఇప్పుడు ముందు ఆ ముడి విప్పండి, మళ్ళీ గంట మోగకముందు, పిల్ల ఇంకో దెబ్బ తినకముందు, విప్పండి, విప్పకపోతే పోనీ, నా మూటనిండా తువ్వాళ్ళే.