బావిలో జమున

పొద్దున్నే ఏం నీళ్లు తాగిందో మమతారాణి ఫోన్ చేసి చెప్పకపోతే, ఆమె అక్క జమునకు తెల్లవారినట్టు ఉండేది కాదు. ఒక నెల మెంతులు నానబెట్టిన నీళ్లు, ఒక నెల జీలకర్ర నీళ్లు, ఆ తర్వాత నిమ్మకాయ పిండిన గోరువెచ్చని నీళ్లు. మమత కరీంనగర్‌లో ఒక ప్రైవేటు బడిలో సోషల్ చెబుతుంది. షుగర్ అంచున ఉన్నావని డాక్టరు హెచ్చరించినప్పటి నుంచి ఆమెకు ఆరోగ్యం మీద ఎక్కడలేని పట్టుదల వచ్చింది. తానొక్కతే బాగుపడితే ఆమెకు చాలదు, అక్క కూడా బాగుపడాలి.

జమునది లక్సెట్టిపేట దగ్గరి పల్లె. భర్త సిద్దిరాములు మస్కట్‌లో పనిచేస్తాడు. ఇక్కడ పొలం, బర్రెలు, కూరగాయల మడి, అత్త యాదవ్వ, అన్నీ జమునే చూసుకుంటుంది. చెల్లెలు చెప్పేదంతా ఓపికగా విని, చివరికి ఒకటే అడిగేది.

"గా నీళ్లన్ని దిగినంక అన్నమెప్పుడు తింటవే రాణీ?"

తాను మాత్రం రోజూ పొద్దున పొలం దాకా నడిచి వస్తున్నానని, జొన్న గట్క, మజ్జిగ తప్ప వేరే ముట్టడం లేదని చెప్పేది. అక్క దారిలో పడిందని మమత మురిసిపోయేది.

వేసవి సెలవులు రాగానే మమత బట్టల సంచి సర్దుకుని అక్క దగ్గరికి వచ్చింది. ఆటో చప్పుడు విని జమున ఎదురొచ్చింది. దర్వాజా పట్టుకుని, ఒక కాలు కిందికి దించి, ఆగి, రెండో కాలు దించి, మళ్లీ ఆగింది. మమత సంచి కింద పెట్టి అక్క దిగేదాకా చూస్తూ నిలబడింది.

"పొలం దాక నడుస్తున్న అంటివి గదనే అక్కా?"

"నడుస్తున్న" అంది జమున. "మనసుల."

ఆ మధ్యాహ్నం ముంజలు తింటూ కూర్చున్నప్పుడు అసలు సంగతి బయటపడింది. హోలీ తర్వాత మోకాళ్ల నొప్పి బాగా పెరిగింది. మంచిర్యాలలో డాక్టరుకు చూపించుకుంది. బరువు తగ్గాలని, ఇప్పుడప్పుడే ఎక్కువ నడవొద్దని, వీలైతే నీళ్లలో నిలబడి కాళ్లు ఆడించడం మంచిదని ఆయన చెప్పాడు. మీ ఊళ్లో స్విమ్మింగ్ పూల్ ఉందా అని అడిగి తనే నవ్వాడట. జమున కూడా నవ్వేసి మాత్రలు తెచ్చుకుంది. చెబితే చెల్లెలు పరేషాన్ అవుతుందని ఫోన్లో నడక కథ చెబుతూ వచ్చింది.

మమత నవ్వలేదు. జమునవాళ్ల పొలంలో పాత మెట్ల బావి ఒకటుంది. బోరు వేసినప్పటి నుంచి దాన్ని ఎవరూ పట్టించుకోరు. గోదావరి దగ్గర కావడంతో నడి ఎండాకాలంలోనూ అందులో సగం దాకా నీళ్లుంటాయి.

"పూల్ లేకపోతే ఏమాయె, బావి ఉన్నది గదా" అంది మమత.

"నువ్వు ఈదు. నేను గట్టు మీద కూసోని నీ బట్టలు సూస్తా. నాకు అలవాటే గదా" అంది జమున నవ్వుతూనే.

ముంజ వలుస్తున్న మమత చెయ్యి ఆగిపోయింది. ఖానాపూర్ దగ్గరి పుట్టింట్లో చిన్నప్పుడు ప్రతి ఎండాకాలం బాపు ఆమె నడుముకు బెండ్లు కట్టి బావిలో ఈత నేర్పేవాడు. జమున అప్పటికే ఎదిగిన పిల్ల. ఆడపిల్ల నలుగురి కళ్లబడేలా నీళ్లలో దూకడమేమిటని అవ్వ ఒప్పుకోలేదు. చెల్లెలి పొడి బట్టలు ఒళ్లో పెట్టుకుని గట్టు మీద కూర్చునేది. మమతకు ఆ బావి గుర్తుంది, బాపు చేతులు గుర్తున్నాయి. గట్టు మీద కూర్చున్న అక్క మాత్రం గుర్తులేదు. అక్క మరిచిపోలేదని ఇప్పుడే తెలిసింది.

ఏదో అనాలనిపించింది కానీ, అక్క దగ్గర మెత్తగా మాట్లాడటం ఆమెకు ఎన్నడూ చేతకాలేదు.

"జమున అని ఏరు పేరు పెట్టుకొని మోకాలు లోతు నీళ్లన్న సూడలే నువ్వు. రేపు నడువు నాతోని" అంది.

యాదవ్వకు చెప్పకుండా వెళ్లాలని ఇద్దరూ అనుకున్నారు. కోడలు నైటీ వేసుకుని వాకిట్లోకి వస్తేనే ముఖం తిప్పుకునే మనిషి. ఇక బావిలో దిగుతానంటే ఏమంటుందో ఊహించే ధైర్యం జమునకు లేదు. మరునాడు ఎండకు ఊరంతా తలుపులు వేసుకున్న వేళ, మడికి నీళ్లు పెట్టి వస్తామని చెప్పి బయటపడ్డారు. మమత పాత పంజాబీ డ్రెస్సు జమునకు భుజాల దగ్గర బిగుసుకుపోయింది. నీళ్లలోకి దిగకముందే కుట్లు ఊడిపోతాయేమోనని దారి పొడవునా ఇద్దరూ నవ్వుకున్నారు.

చేపలా ఎలా ఈదాలో చూడమని అక్కను మెట్టు మీద కూర్చోబెట్టి మమత దూకింది. పెళ్లయ్యాక ఆమె బావి ముఖం చూడలేదు. నీళ్లు అంత చల్లగా ఉంటాయని, ముక్కులోకి అంత వేగంగా పోతాయని ఆమెకు గుర్తులేదు. దగ్గుతూ, చేతులు కొట్టుకుంటూ పైకి తేలి, గోడ వెంట వేలాడుతున్న పాత మోటారు పైపును పట్టుకుంది. జమున మోకాళ్లు పట్టుకుని నవ్వసాగింది.

"చేపనే. ఒడ్డున పడ్డ చేప."

రెండు మునకలు వేశాక మమత చేతులకు పాత అలవాటు తిరిగి వచ్చింది. అప్పుడు జమున ఒక్కో మెట్టూ దిగి నడుము లోతులో నిలబడింది. నీళ్లు బరువును మోస్తున్న సంగతి ముందు ఆమె మోకాళ్లకే తెలిసింది. కాలు పైకి లేపింది, దించింది, మళ్లీ లేపింది. నొప్పి లేదు. ఆ మాట చెల్లెలికి చెబితే ఎక్కడ విర్రవీగుతుందోనని చెప్పలేదు.

అప్పటి నుంచి రోజూ అదే వేళకు వెళ్లేవాళ్లు. కొన్నాళ్లకు ఖాళీ అయిన మంచినూనె డబ్బాలు రెండు తీసి, మూతలు బిగించి, పాత చీర పేలికతో జమున వీపుకు కట్టి, మెట్టు పట్టుకుని కాళ్లు కొట్టడం నేర్పింది మమత. పైకి వచ్చాక ఉప్పూ కారం అద్దిన మామిడికాయ ముక్కలు తినేవాళ్లు. మమత ముందు లెక్క వేసుకుని రెండే అనేది, తర్వాత లెక్క మరిచిపోయేది. ఎక్కువసేపు కూర్చుంటే లెమ్మని చేతి మీద అదిరే గడియారం ఒకటి ఆమెకుంది. "గడియారం లే అంటె లేస్తవ్, నేను పండుకో అంటె పండుకోవు" అని జమున దెప్పింది. ఒకరోజు దాన్ని ఇంట్లో విడిచి వచ్చింది మమత. ఆ రోజు కూలర్ ముందు చాప మీద వాలి సాయంత్రం దాకా నిద్రపోయింది. కరీంనగర్‌లో ఆమెకు సరిగా నిద్రపట్టక చాలా కాలమైంది. ఆ సంగతి ఆమె జమునకు ఫోన్లో ఎప్పుడూ చెప్పలేదు. లేచాక, నీ గురకకు బర్రెలు బెదిరినయని జమున చెప్పింది. మమత నమ్మలేదు.

ఈ రోజులన్నీ యాదవ్వ ఏమీ అడగలేదు. అడగకపోవడమే వింతగా ఉందని జమునకు తోచలేదు.

ఆ మధ్యాహ్నం జమున మొదటిసారి మెట్టు మీద నుంచి చెయ్యి వదిలింది. డబ్బాలు ఆమెను పైకి ఎత్తి పట్టాయి. పక్కనే మమత ఈదుతుంటే, కాళ్లు కొట్టుకుంటూ బావి నడుమకు వచ్చేసింది. అప్పుడే పైనుంచి ఎవరో తన పేరు పిలిచినట్టు వినబడింది. తలెత్తి చూస్తే గట్టు మీద యాదవ్వ. నెత్తి మీద కొంగు జారిపోయింది, ఎండలో వచ్చినందుకు రొప్పుతోంది. చేతిలో ఫోను, వీడియో కాల్‌లో సిద్దిరాములు గొంతు.

"అవ్వా, కనబడుతుందా? ఉన్నదా?"

యాదవ్వ గట్టు మీద కూలబడింది.

"ఉన్నదిరా. డబ్బాలు కట్టుకొని ఉన్నది."

"డబ్బాలేందే?"

యాదవ్వ ఫోను బావి వైపు తిప్పింది. మస్కట్‌లో భోజనానికి కూర్చున్న సిద్దిరాములుకు, ముఖం నిండా తడి జుట్టుతో, వీపున నూనె డబ్బాలతో తేలుతున్న భార్య కనబడింది. అతను చొక్కా చేతితో ముఖం తుడుచుకున్నాడు.

అప్పటికి అక్కచెల్లెళ్లకు అర్థమైంది. మమత ఉన్నట్టుండి సంచితో దిగింది. ఇద్దరూ మూలల్లో గుసగుసలాడుకుంటూ, ముసలమ్మ రాగానే ఆపేసేవాళ్లు. జమున రోజూ ఎర్రబడిన కళ్లతో ఇంటికొచ్చేది. యాదవ్వ తనకు తానే లెక్క కట్టుకుంది. కొడుకూ కోడలూ ఫోన్లో గొడవపడ్డారని, కోడలు లోలోపల ఏడుస్తోందని, అందుకే చెల్లెలు వచ్చిందని అనుకుంది. ఈ రోజు మడి దగ్గరికి వెళ్లి చూసింది. మడి ఎండిపోయి ఉంది, మనుషులు లేరు. బావి దారిలో విడిచిన చెప్పులు కనబడ్డాయి. కోడలు బావిలో దూకిందేమోనని కొడుక్కి ఫోన్ కలిపింది.

"ఏమన్న కష్టముంటె నాతోని చెప్తవనుకున్న" అన్నాడు సిద్దిరాములు.

"మోకాళ్లు నొత్తున్నయి, గంతే. నీతోని నాకేం కష్టం లేదు" అంది జమున నీళ్లలోంచే.

అతను ఆ డబ్బాలు ఎన్ని లీటర్లవని అడిగాడు. ఐదు లీటర్లవని చెప్పింది.

"సాలుతయా?"

మమత ముందుగా నవ్వింది. తర్వాత ఫోన్లో అతను, ఆ తర్వాత జమున. యాదవ్వ మాత్రం నవ్వలేదు. జమున ఒక్కో మెట్టూ ఎక్కి పైకి వచ్చి ఆమె పక్కన కూర్చుంది.

"ఈత నేర్సుకుంటె నేర్సుకో, నేనెందుకు వద్దంట?" అంది యాదవ్వ. "నాకు చెప్పాల్నా వద్దా? గిన్ని దినాలసంది నాకు నిద్రలే."

అత్త ముందు తలుపులు వేసుకోవడమే మర్యాద అనుకుంటూ ఇన్నేళ్లు గడిపింది జమున. ఆ తలుపు అవతల ముసలమ్మ ఇంత భయపడుతూ కూర్చుందని ఎన్నడూ తోచలేదు. ఆమె చెయ్యి పట్టుకుంది. తడిచెయ్యి అని యాదవ్వ విదిలించుకుంది, కాసేపటికి తనే పట్టుకుంది.

మరునాటి నుంచి యాదవ్వ గొడుగు వేసుకుని, చెంబులో మజ్జిగతో వాళ్ల వెంట రావడం మొదలుపెట్టింది. దిగమంటే తలూపలేదు కానీ, గట్టు మీద నుంచి ఇద్దరికీ తప్పులు పట్టేది. ఊరు అడగకముందే తనే అందరికీ చెప్పింది, కోడలి మోకాళ్లకు డాక్టరు బావి రాశాడని. పొరుగున బీడీలు చేసే వినోద, నాకూ రాస్తాడేమో అడగమంది.

మోకాళ్ల నొప్పి పూర్తిగా పోలేదు. కానీ పొద్దున లేవగానే జమునకు ముందు గుర్తొచ్చేది నొప్పి కాదు, మధ్యాహ్నం.

బడి తెరిచే ముందు, మమత వెళ్లిపోవాల్సిన చివరి రోజున, జమున ఒక డబ్బా విప్పేసింది. కాసేపు ఈదాక రెండోదీ విప్పి మెట్టు మీద పెట్టింది. మమత చేతులు చాచి దగ్గరే ఉంది. జమున గోడ దాకా వెళ్లి వచ్చింది. రెండుసార్లు మునిగింది, రెండుసార్లూ తనే పైకి తేలింది. తర్వాత వెల్లకిలా తిరిగి, చేతులు పరిచి, కదలకుండా ఉండిపోయింది. చెవులు నీళ్లలో మునిగి ఉన్నాయి. పైన గుండ్రంగా ఆకాశం, ఒక అంచున నల్లటి మబ్బు.

బస్సుకు వేళవుతోందని మమత పిలిచింది. జమున వినలేదు. ఇంకా గట్టిగా పిలవబోతే గట్టు మీద నుంచి యాదవ్వ చెయ్యెత్తి ఆపింది.

"పిలువకు బిడ్డా. జరంతసేపు ఉండనియ్యి."

మమత మెట్టు మీద కూర్చుని, అక్క పొడి బట్టలు ఒళ్లోకి తీసుకుంది.