వెబ్‌సైటుకు శిలాఫలకం

వెబ్‌సైటు ప్రారంభోత్సవానికి శిలాఫలకం చెక్కించిన మహానుభావుడు భూమ్మీద ఒక్కడే ఉంటాడు. నా ఖర్మ కొద్దీ ఆయన దగ్గరే నేను పనిచేశాను. పేరు కరుణాకర్. నంద్యాల బస్టాండు వెనక, ఫ్లెక్సీలు ప్రింటు చేసే షాపు పైన ఆయన సాఫ్ట్‌వేర్ కంపెనీ. కంపెనీ అంటే నాలుగు కుర్చీలు, ఒక ఏసీ, నేను. ఏసీ ఆయన గదిలో ఉంటుంది.

నా పేరు నజ్మా. జావా అనే కంప్యూటర్ భాషలో వెబ్‌సైట్లు తయారు చేస్తాను. మేం కోడు రాసుకునే సాఫ్ట్‌వేర్‌ను ఐడీఈ అంటారు. అందులోనే రాస్తాం, అందులోనే తప్పులు దిద్దుకుంటాం. చివరికి అందులోనే ప్రాజెక్టును ఎంచుకుని డిప్లాయ్ అన్న చోట నొక్కితే, సైటు క్లౌడ్‌లోకి, అంటే ఎక్కడో ఉన్న పెద్ద పెద్ద కంప్యూటర్లలోకి ఎక్కిపోతుంది. అప్పటి నుంచి ఎవరి ఫోనులోనైనా కనిపిస్తుంది. అంతే, ఇందులో మంత్రం లేదు, మాయ లేదు. మా సార్ మాత్రం క్లౌడ్ గురించి చెప్పేటప్పుడు కిటికీలోంచి ఆకాశం చూపిస్తాడు. ఒకసారి ఒక పెద్దాయన "వానొస్తే ఎట్లప్పా మరి?" అని అడిగితే, "దానికి వేరే ప్యాకేజీ ఉండాది సార్" అన్నాడు. నేను నవ్వు ఆపుకోలేక మెట్ల మీదికి పోయి నిలబడ్డాను.

ఆళ్లగడ్డ విగ్రహాల సైటు పని మాకు భ్రమరాంబిక వల్ల వచ్చింది. రోడ్డు పక్కనే ఆమెది చిన్న రేకుల షెడ్డు. లోపలా బయటా అన్నీ రాళ్లే. అంత బాగా ఉలి పట్టే మనిషి చెక్కిన విగ్రహాలన్నీ వేరే ఊరి వ్యాపారి ఒకడి పేరు మీద గుళ్లకు పోతుంటాయి. పీఠం మీద వాడి పేరు, వాడి ఫోన్ నంబరు.

"నేను చెక్కిన అమ్మవారి కాళ్ల కింద వాని ఫోన్ నంబరు కూడా నేనే చెక్కల్ల అక్కా. కడుపు మండదా చెప్పు?" అంది కలిసిన మొదటి రోజే.

మండుతుంది. నాకూ మండింది.

సిరుగుప్ప దిక్కు ఒక గుడి కమిటీ వాళ్లకు పెద్ద దుర్గమ్మ విగ్రహం కావాలి. వాళ్లు ఆ వ్యాపారితో మాట్లాడారు, ఈమెతోనూ మాట్లాడారు. ఈమె ఫోటోలు పంపితే, "ఇవే ఫోటోలు ఇంకా ఇద్దరు పంపినారు తల్లీ, ఎవరివని నమ్మేది?" అన్నారు. సైటు అందుకే. ప్రతి విగ్రహం కిందా ఆమె పేరు, ముడిరాయి దగ్గర్నుంచి చివరి దాకా ఆమే చెక్కుతున్న వీడియో. శుక్రవారం పొద్దున కమిటీ కూర్చుంటుంది. భోజనాలకు లేచే లోపల సైటు చూసి, పని ఎవరికివ్వాలో తేలుస్తుంది. భ్రమరాంబిక పేరుతో ఒక్క విగ్రహమైనా ఎక్కడైనా నిలబడుతుందా లేదా అన్నది ఆ ఒక్క పూట మీద ఉంది.

అందుకే నేను బుధవారమే సైటు ఎక్కించేశాను. చక్కగా నడిచింది. ఆమె ఫోనులో తెరిచి చూపిస్తే, తన పేరు మీద వేలు పెట్టి అక్షరం అక్షరం తడిమింది.

మరుసటి రోజు అది మా సార్ కంట పడింది.

"ఏందీ, అప్పుడే సైటు కనపడతాండాది?"

"ఎక్కించినా సార్. బాగా నడుస్తాండాది."

"ముహూర్తం రేపు గదా! చీఫ్ గెస్టు నొక్కకముందే సైటు వచ్చేస్తే ఆయప్ప వచ్చి ఏం నొక్కల్ల, నా తలకాయా? తీసెయ్."

"రేపు కమిటీ వాళ్లు చూస్తారు సార్. ఏమన్నా తేడా వస్తే ఆ పిల్ల పని పోతాది."

"విగ్రహానికి కండ్లు ఎప్పుడు తెరుస్తారు? ప్రతిష్ఠ నాడు గదా? ఇదీ అంతే."

"కండ్లు తెరిచేదానికి అయిపోయిన విగ్రహాన్ని పగలగొట్టి మళ్లా మొదలుపెడతారా సార్?"

నోటికేం తక్కువ లేదని నన్ను తిట్టి, తనే కూర్చుని సైటును తీసేశాడు. తీసేయడం మాత్రం ఆయనకు బాగా వచ్చు.

శుక్రవారం పొద్దున ఆళ్లగడ్డ చేరుకునేసరికి షెడ్డు ముందు షామియానా వేసి ఉంది. సార్ నల్ల కోటు తొడుక్కుని వచ్చాడు. రాతి పొడి ఎగిరే చోట నల్ల కోటు. కాసేపటికే పిండిమరలోంచి లేచొచ్చినట్టు తయారయ్యాడు. బల్ల మీద ల్యాప్‌టాప్, దానికి పసుపు, కుంకుమ, నిమ్మకాయ. మౌస్‌కు ఎర్ర రిబ్బను. పక్కన పట్టు గుడ్డ కప్పిన శిలాఫలకం. ప్రచారం నీకే కదా అని చెప్పి భ్రమరాంబికతోనే ఊరకే చెక్కించాడు. 'ఈ వెబ్‌సైటు శుభముహూర్తమున శ్రీ అజయ్ కుమార్ గారి అమృతహస్తములచే ప్రారంభించబడినది.' కింద అంతకంటే పెద్ద అక్షరాల్లో కరుణాకర్ పేరు. దాని కింద ఆయన బావమరిది పేరు. బావమరిది ఏం చేశాడంటారా? షామియానా మాట్లాడాడు. చెక్కిన పిల్ల పేరు లేదు, సైటు తయారు చేసిన నా పేరు సరేసరి.

"ఇది యాడ నాటల్ల సార్? క్లౌడ్ మీదనా?" అని భ్రమరాంబిక మొహంలో నవ్వన్నది లేకుండా అడిగింది.

"మా ఆఫీసులో పెడదాంలే" అన్నాడు. ఆ మనిషికి అర్థం కాలేదు.

చీఫ్ గెస్టు అజయ్ కుమార్‌కు నంద్యాలలో రైస్ మిల్లు ఉంది. ఆ మిల్లు సైటు కూడా నేను చేసిందే. ఆయన ఆలస్యంగా వచ్చాడు. వచ్చీ రాగానే సార్ ఆయన్ను మెప్పించడానికి ల్యాప్‌టాప్‌లో మిల్లు ప్రాజెక్టు తెరిచి, ఇది చూడన్నా, అది చూడన్నా అని మొదలుపెట్టాడు. ఇంతలో పూజారి, రాహుకాలం వచ్చేస్తాంది తొందరగా కానీండి అని కేకేశాడు.

ఐడీఈలో రెండు ప్రాజెక్టులు ఒకదాని కింద ఒకటి ఉంటాయి. ఏది ఎంచుకుని ఉంటే అదే ఎక్కుతుంది. నేను దూరం నుంచే చూశాను, మిల్లు మీద ఉంది.

"సార్, ఏ ప్రాజెక్టు మీద ఉండాదో ఒకసారి..."

"నువ్వు ఎనక్కి పో నజ్మా, ఫోటోకు అడ్డమొస్తాండావ్."

అజయ్ కుమార్ రిబ్బను కత్తిరించి నొక్కాడు. సార్ పక్కనుంచి, విగ్రహాల అడ్రసులోకే ఎక్కించనా అన్న దానితో సహా, వచ్చే ప్రతి ప్రశ్నకూ చదవకుండానే ఓకే, ఓకే అని కొట్టించాడు. డప్పులు మోగాయి. పెద్ద తెర మీద భ్రమరాంబిక సైటు అడ్రసు తెరుచుకుంది. అందులో ఏముంది? సోనా మసూరి బియ్యం, ఇరవై ఆరు కిలోల బస్తా.

"అరె, ఇది మన మిల్లు గదప్పా! బలే ఉండాది, బలే ఉండాది!" అని అజయ్ కుమార్ చప్పట్లు కొట్టాడు. ఆయన కొట్టాడని జనం కొట్టారు. జనం కొట్టారని మా సార్ కూడా కొట్టాడు. అంతకంటే సిగ్గుమాలిన చప్పట్లు నేను పుట్టి ఎరగను.

భ్రమరాంబిక ఒక్కతే కొట్టలేదు. ఆమె ఫోను మోగింది. కమిటీ పెద్దాయన.

"ఏమ్మా, విగ్రహాలు చూపిస్తానని బియ్యం చూపిస్తాండావే? ఆటలా?"

ఫోను నేను లాక్కుని, కొంచెం ఆగండి, ఇప్పుడే వస్తుందని బతిమాలాను. "భోజనాలకు లేసినామంటే మళ్లా కూచునేది లేదు" అని ఆయన పెట్టేశాడు.

సార్ దగ్గరికి పోయాను. ఆయన అప్పటికే తప్పు క్లౌడ్ వాళ్లదని అందరికీ వివరిస్తున్నాడు.

"సార్, నా ల్యాప్‌టాప్‌లోంచి ఇప్పుడే ఎక్కిస్తా."

"రాహుకాలంలోనా? పిచ్చి పట్టిందా నీకు? పన్నెండు దాటనీ."

"పన్నెండుకు వాళ్లు లేసి పోతారు సార్!"

"నేను చెప్పకుండా నొక్కినావంటే రేపట్నుంచి ఆఫీసుకు రానక్కర్లేదు" అన్నాడు. చేతిలో అప్పటికే లడ్డు ఉంది.

నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి, కోపానికి. భ్రమరాంబిక వైపు చూశాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తెర మీది బియ్యం బస్తాలనే చూస్తోంది. ఇంక ఆలోచించలేదు. షెడ్డు వెనక్కి పోయాను. ఫోటోలు అయిపోయాయని శిలాఫలకాన్ని అక్కడ పడుకోబెట్టి ఉన్నారు. కూర్చోవడానికి వేరే చోటు లేదు, దాని మీదే కూర్చున్నాను. ఫోనులోంచి నెట్ కలిపాను. విగ్రహాల ప్రాజెక్టు ఎంచుకున్నాను, పేరు రెండుసార్లు చదువుకున్నాను, డిప్లాయ్ నొక్కాను.

ఎంతవరకు ఎక్కిందో చూపించే గీత కదలదు. సిగ్నల్ ఒక్క పుల్ల. అటు మైకులో అజయ్ కుమార్ బియ్యం గురించి ప్రసంగిస్తున్నాడు. భ్రమరాంబిక వచ్చి నా పక్కన కూలబడింది.

"వస్తాదా అక్కా?"

"వస్తాది. రాక యాడికి పోతాది."

నాకే నమ్మకం లేదు. యా అల్లా, ఈ ఒక్కసారికి అనుకున్నాను. గీత నిండింది. ఆమె తన ఫోనులో తెరిచింది. బియ్యం పోయి, ఆమె చెక్కిన అమ్మవారు వచ్చింది, కింద ఆమె పేరు. నేనే కమిటీ ఆయనకు ఫోను చేసి చూడమన్నాను.

చాలాసేపటికి గానీ ఆయన మళ్లీ చేయలేదు.

"వీడియోలో ఉలి పట్టుకున్నది నువ్వేనామ్మా?"

"నేనే నాయనా."

"అయితే నువ్వే చెక్కు. ఇంక నడిమధ్య ఆ యాపారి ఎందుకు?"

ఆమె ఫోను ఒళ్లో పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. నేనూ ఏడ్చాను, దాచుకోవడమెందుకు. పన్నెండు దాటాక సార్ మళ్లీ డప్పులు కొట్టించి, అజయ్ కుమార్‌తో వట్టి మౌస్ నొక్కించి, తెర మీద విగ్రహాలు చూపించి, చూసినారా ముహూర్తబలం అన్నాడు. ఆ తర్వాత నన్ను పనిలోంచి తీసేశాడు. చెప్పాను కదా, తీసేయడం ఆయనకు బాగా వచ్చని.

ఇప్పుడు ఆళ్లగడ్డలో షెడ్ల వాళ్లకు సైట్లు నేను సొంతంగా చేసిపెడుతున్నాను. మొన్న దుర్గమ్మ చివరి వీడియో తీయడానికి పోయి ఉండగా భ్రమరాంబికకు సార్ ఫోను చేశాడు. ఆఫీసులో పెట్టుకోవాలి, శిలాఫలకం పంపమన్నాడు.

"అది కొళాయి కింద ఏసినాం సార్, బట్టలుతికేదానికి" అంది.

అవతలి నుంచి అరుపులు నాకూ వినిపించాయి.

"రాతలు పైకే పెట్టినాంలే సార్. నున్నగుంటే కాలు జారతాది. మీ పేరు కాడ పెద్దచ్చరాలు గదా, ఆడ బలే పట్టు దొరుకుతాది" అని పెట్టేసింది.

ఫోను పక్కన పడేసి, ఉలి తీసుకుని మళ్లీ దుర్గమ్మ పీఠం ముందు కూర్చుంది. పీఠం మీద తన పేరు ఇంకా సగం చెక్కాల్సి ఉంది.