కొత్త తొట్టికి సున్నపునీళ్లు

ముసలి తొట్టిని చూసుకునే పనివాడు సంగప్ప, దాని గోడకు చెవి ఆనించి కళ్లు మూసుకున్నాడు. లోపల బుడగలు గుడగుడమంటున్నాయి. భార్య ముత్యమ్మ పోయాక ఆయనతో రోజూ మాట్లాడేది ఆ చప్పుడొక్కటే.

గాలి చొరబడని ఆ పెద్ద తొట్టి, పటాన్‌చెరు గంజిపిండి ఫ్యాక్టరీ మురుగునీటిని పక్షం రోజులు కడుపులో పెట్టుకుని నింపాదిగా అరిగిస్తుంది. అందులో పుట్టే గ్యాసుతోనే క్యాంటీన్ పొయ్యి మండుతుంది. ఇప్పుడు పక్కనే సన్నగా, నిటారుగా కొత్త తొట్టి లేచింది. దాంట్లో మురుగు అడుగునుంచి ఎక్కి, బురద పొరను దాటి, ఒక్కరోజులోనే తేరుకుని పైకొస్తుందట! ఎంత తొందరో! రెండింటినీ పోల్చి చూస్తున్నారు. ఓడినదాన్ని పగలగొడతారు. సాయంత్రం పెద్ద సార్లు వచ్చి తేలుస్తారు.

పొద్దున్నే ఇంజనీరు జయశీల పరుగున వచ్చింది.

"కాకా, కొత్తదాని కడుపు పులిసింది. నేను సంగారెడ్డి పోయి సార్లను తోల్కొస్త. అందాక జెర జెర సున్నపునీళ్లు పోస్తుండు, పులుపు ఇరుగుతది. లేకుంటే సచ్చిపోతది."

"అట్లనే బిడ్డా," అన్నాడు సంగప్ప. కానీ సున్నం సంచి ముట్టుకోలేదు.

ఊరికే కూర్చుంటే చాలు, ముసలిది బతుకుతుంది. పాపమని తెలుసు. తెలిసీ కూర్చున్నాడు. వెచ్చని గోడకు వీపు తగలగానే కునుకు పట్టింది. తొట్టి మెల్లగా నేల విడిచి, ఆయన్ని మోసుకుంటూ మంజీర నీళ్ల మీద తేలిపోయింది. ఒడ్డున ముత్యమ్మ పాలకుండలో తోడు వేస్తోంది.

"పాలు కొత్తయే," అంది తలెత్తకుండా. "తోడు మనింటిదే గదా."

ఉలిక్కిపడి లేచాడు. కొత్త తొట్టి మొదలుపెట్టిన రోజున, ముసలిదాని బురదను బకెట్లతో మోసి అందులో తోడుగా పోసింది తానే. అయ్యో, ఎట్లా మరిచాడు!

ఎండ నడినెత్తికొచ్చింది. గబగబా సున్నం కలిపాడు. నిచ్చెనెక్కి పోశాడు, దిగి కలిపాడు, మళ్లీ ఎక్కాడు. గుండెలో నొప్పి లేచినా ఆగలేదు.

"నన్ను తిట్టకు," అన్నాడు ముసలి తొట్టివైపు చూసి. "అది నీ బిడ్డనే."

పొద్దువాలేసరికి కొత్త గోడ వెనక గుడగుడ మొదలైంది. "బతికినవ్, దొంగదానా," అని నవ్వి, దానికి చెవి ఆనించి కళ్లు మూసుకున్నాడు.

సార్లు వచ్చి చూసి, కొత్తదాన్నే ఉంచమన్నారు. ఆ మాట ఎట్లా చెప్పాలో తెలియక జయశీల ముసలి తొట్టి చుట్టూ వెతికింది. సంగప్ప అక్కడ లేడు. కొత్తదాని వెనక కనిపించాడు, గోడకు ఒరిగి.

"కాకా," అని భుజం తట్టింది. గోడ వెచ్చగా ఉంది. ఆయన ఒళ్లు చల్లబడింది. ఆమె అక్కడే కూలబడి ఏడ్చింది.

నిచ్చెన మొదట్లో ఆయన విడిచిన రబ్బరు చెప్పులున్నాయి, ముక్కులు కొత్త తొట్టివైపు తిప్పి.