పందొమ్మిదో మిషను

మేస్త్రి ఎడమచెవి మిషను మెడకు ఆనించి, కుడిచేత్తో చక్రాన్ని అరచుట్టు తిప్పి ఆగాడు. మళ్ళీ అరచుట్టు. లోపలెక్కడో టిక్కుమంది. ఎదురుగా నిలబడ్డ దర్జీ ఊపిరి బిగబట్టాడు.

"ఈమధ్య సూదేమన్నా విరిగిందా?"

"పోయిన వారం విరిగింది."

"మొన ఏదీ?"

దర్జీ నెత్తి గోక్కున్నాడు. మేస్త్రి అడుగున దారం తిప్పే షటిల్ ఊడదీసి, పట్టకారుతో సూదిమొన బయటికి లాగి దర్జీ అరచేతిలో పెట్టాడు. "ఇదిగో, జాగ్రత్తగా దాచుకో" అన్నాడు.

ఈ చెవి మూలానే వీధివాళ్ళు ఆయన్ని చెవి మేస్త్రి అంటారు. చెడిపోయిన పాత మిషను ఏది తెచ్చినా ముందు చెవి పెట్టి వింటాడు, ఆ తర్వాతే స్క్రూడ్రైవర్ ముట్టుకుంటాడు. "ఇనుము గొణిగినా వినపడుతుంది. నేను అరిచినా వినపడదు" అని భార్య దెప్పుతూ ఉంటుంది. అందులో అబద్ధమేమీ లేదు.

అరవై మూడేళ్ళ మనిషి. పొట్టి. ఎంత సబ్బు రుద్దినా వదలని నల్లటి వేలికొసలు. ఏళ్ళ తరబడి బరువైన పాత మిషన్లు ఎడమ భుజాన మోసి మోసి ఆ భుజం కాస్త కిందికి దిగిపోయింది. అందుకే దుకాణంలో కొన్న చొక్కా ఏదీ ఆయనకి సరిగ్గా కూర్చోదు. కుడివైపు బాగానే ఉంటుంది, ఎడమవైపు గుడ్డ సంచిలా జారుతుంది. బతుకంతా కుట్టుమిషన్ల మధ్య గడిపాడు గానీ, తన కొలతలకి కుట్టించుకున్న చొక్కా వేసుకున్న పాపాన పోలేదు.

ఆ పొద్దున ఎడమచెయ్యి లాగుతోంది. నిన్న ఎత్తిన మిషను బరువనుకున్నాడు.

దర్జీ వెళ్ళాడో లేదో, తోపుడుబండి మీద గోనెసంచి కప్పిన మిషనుతో ఒకామె వచ్చింది. వీధి చివర దిండ్లమ్మగారి కోడలు. దిండ్లమ్మ అంటే ఎవరో చెప్పుకోవాలి. దిండు గలీబులు, పరుపు గుడ్డలు, సంచులు తప్ప మరోటి కుట్టని పెద్దావిడ. ఆ పేరు వీధి పెట్టింది. విని మేస్త్రి కూడా చాలాసార్లు నవ్వాడు.

"బిగుసుకుపోయిందండీ. చక్రం కదలనంటోంది" అంది కోడలు.

నల్లటి పాత మిషను. ఒంటి మీది బంగారురంగు పువ్వులు చేతులు ఆనీ ఆనీ సగం చెరిగిపోయాయి. చక్రం కదలకపోతే చెవికి పనిలేదు గనక మేస్త్రి ఈసారి ముక్కు పెట్టాడు. వాసన చూసి తలెత్తాడు.

"ఏ నూనె పోశారమ్మా?"

కోడలు పమిట కొంగు సర్దుకుంది. "నూనే."

"ఏ నూనె?"

"వంటింట్లోది" అంది చివరికి, గొంతు తగ్గించి. "కిర్రుమంటోంది కదా, అత్తయ్యకి సాయం చేద్దామని పోశాను. మూణ్ణెల్లయింది. దయచేసి ఆవిడకి చెప్పకండి. పుట్టింటి నుంచి తెచ్చుకున్న మిషను, ప్రాణం పెట్టుకున్నారు దాని మీద."

"వంటనూనె పోస్తే బంకలా పట్టేస్తుందమ్మా. చెప్పనులే. ఇదిగో, ఇకమీదట ఇది వెయ్యండి" అని బల్ల సొరుగులోంచి మిషను నూనె సీసా తీసిచ్చాడు.

ఆమె మొహం తేటపడింది. మొహం తేటపడితే నోరు కూడా తెరుచుకుంటుంది. "అసలు అత్తయ్య ఒకప్పుడు చొక్కాలు, గౌన్లు కుట్టేవారటండీ. కొట్టు పెడదామనుకున్నారట. తర్వాత మానేశారు. 'నాది బరువు చెయ్యే, సన్నగుడ్డ నాకు లొంగదు' అంటారు. నా జాకెట్టు కూడా ముట్టుకోరు" అంది.

"కొందరి చేతులంతే" అన్నాడు మేస్త్రి, చూపు మిషను మీదే ఉంచి.

ఆమె వెళ్ళాక మిషనును పక్కకి ఒరగబెట్టి కిరసనాయిలు పట్టించాడు. పళ్ళు తోమే బ్రష్షుతో సందుసందునా రుద్దాడు. పసుప్పచ్చటి బంక పెచ్చులు పెచ్చులుగా ఊడింది. గంటకి చక్రం పావుచుట్టు కదిలింది, రెండో గంటకి తిరిగింది. అప్పుడు అడుగుభాగం గుడ్డతో తుడిచాడు. ఇనుము మీద గీత కనపడింది. చిన్న సున్న, సున్నలో చుక్క, పక్కన అంకె: పందొమ్మిది.

అది ఆయన గుర్తే. విప్పిన ప్రతి మిషను అడుగునా గుర్తు గీసి, నంబరు వెయ్యడం మొదటి రోజు నుంచీ ఆయన అలవాటు. ఇప్పుడు నంబరు నాలుగువేలు దాటింది. పందొమ్మిది అంటే కొట్టు తెరిచిన కొత్తలోది. ముప్పై ఆరేళ్ళయింది.

మంచిదే అనుకుని, పైన ఎర్రదారం, కింద తెల్లదారం ఎక్కించి పల్చటి మల్లుగుడ్డ మిషను పాదం కింద పెట్టి చక్రం తిప్పాడు. రెండు రంగులెందుకంటే, కుట్టు సరిగ్గా పడితే పైదారం కిందకి, కిందదారం పైకి కనపడకూడదు. రంగులు కనపడలేదు గానీ, అసలు కుట్టే ఉన్నట్టుండి మాయమైంది. నాలుగు పడి ఒకటి తప్పింది. మూడు పడి ఇంకోటి తప్పింది.

అద్దాలు పెట్టుకుని చూశాడు. సూదిని పట్టుకుని పైకీ కిందికీ ఆడే కడ్డీ ఉండాల్సినదానికన్నా గోరుమందం కిందికి బిగించి ఉంది. అందుకే షటిల్ కొక్కెం దారాన్ని ఒక్కోసారి అందుకోలేకపోతోంది. కడ్డీ మీద ఆకురాయి గీత ఒకటుంది, బిగించేటప్పుడు ఆనవాలుకి పెట్టుకున్నది. ఆ వంకర గీత పెట్టే చెయ్యి ఈ వీధిలో ఒక్కటే.

మేస్త్రి అద్దాలు తీసి బల్లమీద పెట్టాడు.

అన్నీ గుర్తొచ్చాయి. అప్పుడాయనకి ఇరవై ఏడేళ్ళు. మీసం కొత్త, నోరు పెద్దది. ముప్పైల్లో ఉన్న ఒకావిడ విరిగిన కడ్డీ మార్పించుకుని వెళ్ళి, మూడోనాడు మిషను మోసుకుని తిరిగొచ్చింది. చేతిలో చంటిపిల్ల గౌను, దానిమీద తప్పిన కుట్లు. "మిషనులో ఏదో లోపముంది, చూడు" అంది. ఆయన దుప్పటి ముక్క మడతపెట్టి పాదం కింద పెట్టి తొక్కాడు. కుట్టు చీమలబారులా పడింది. కొట్టులో నలుగురు ఉన్నారు. వాళ్ళవైపు తిరిగి, "ఆడలేక మద్దెల ఓడన్నదట! మిషనుకేం లేదమ్మా, మీ చెయ్యే బరువు" అన్నాడు. నలుగురూ నవ్వారు. ఆవిడ గౌను మడిచి చంకలో పెట్టుకుని, మిషను ఎత్తుకుని వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు.

మందపాటి గుడ్డ మిషను తప్పుల్ని కప్పెడుతుందని, పరీక్ష సన్నగుడ్డ మీదే చెయ్యాలని ఆయనకి ఇంకో ఏడాదికి తెలిసొచ్చింది. ఆనాటి నుంచీ మల్లుగుడ్డే వాడుతున్నాడు. మరి అంతకుముందు చేసిన మిషన్ల సంగతి? ఆ ప్రశ్న అప్పుడు వచ్చే ఉంటుంది. వినపడనట్టు ఊరుకున్నాడు.

మరమేకు వదులుచేసి, కడ్డీని గోరుమందం పైకి జరిపి బిగించాడు. రెండు నిమిషాల పని. మల్లుగుడ్డ మీద కుట్టు జానెడు దూరం ఒక్కటి తప్పకుండా పడింది. ఆయనకి సంతోషం కలగలేదు, సిగ్గేసింది.

మధ్యాహ్నం కొట్టు వెనక గదిలో కంచం ముందు కూర్చుని, ముద్ద నోట్లో పెట్టుకోకుండా అంతా భార్యకి చెప్పాడు.

"బాగుచేసి పంపేస్తే సరిపోదూ? ఇప్పుడు చెప్పి లాభమేముంది?" అన్నాడు.

"లాభం మీకు కాదు. చెప్పకపోతే ఆ మహాతల్లి పోయేదాకా తన చెయ్యే బరువనుకుంటుంది. చెప్తే మీ మీసమేమన్నా రాలిపోతుందా?"

"నలుగురికీ తెలిస్తే ఏమనుకుంటారే?"

"ఆవిణ్ణి నలుగురిలో అన్నప్పుడు గుర్తురాలేదా ఆ నలుగురు?"

మేస్త్రి ముద్ద మింగాడు. చెయ్యి కడుక్కుంటూ ఎడమ మోచెయ్యి నొక్కుకోవడం ఆమె కంట పడింది. డాక్టరుకి చూపించుకోమంది. రేపు వెళ్తానన్నాడు.

మూడింటికి మిషనును సైకిలు వెనక రబ్బరు ట్యూబుతో కట్టి, సైకిలు నడిపించుకుంటూ వీధి చివరికి వెళ్ళాడు. దారిలో రెండుసార్లు ఆగాడు. ఒకసారి ఆయాసం తీర్చుకోడానికి, రెండోసారి వెనక్కి పోదామా అని.

పెద్దావిడ ముందుగదిలో గలీబులు దొంతర పెడుతోంది. డెబ్భై ఏళ్ళుంటాయి. మనిషి ఎండిపోయినా చేతులు చురుగ్గా ఉన్నాయి. కిటికీ పక్కన మిషను స్టాండు ఖాళీగా ఉంది. మేస్త్రి మిషను దించి, స్టాండు మీద కూర్చోబెట్టి, బెల్టు తగిలించాడు. తర్వాత కూర్చోమన్నా కూర్చోలేదు.

"అమ్మా, ఈ మిషను విషయంలో ఒక తప్పు జరిగింది" అన్నాడు.

గుమ్మంలో నిలబడ్డ కోడలి మొహంలో నెత్తురుచుక్క లేదు. అత్తగారి వెనకనుంచి వద్దు వద్దని చెయ్యి ఊపింది.

"తప్పు నాది" అన్నాడు మేస్త్రి. "ముప్పై ఆరేళ్ళ కిందట సూదికడ్డీ నేనే కిందికి బిగించాను. అందుకే సన్నగుడ్డ మీద కుట్టు తప్పేది. మీ చెయ్యి బరువు కాదమ్మా. ఏనాడూ కాదు. ఆ రోజు నలుగురిలో నేనన్న మాట..." అని ఆగిపోయాడు.

పెద్దావిడ గలీబులు పక్కన పెట్టింది. లేచి ఇనప్పెట్టె మూత తీసింది. అడుగునుంచి సన్నటి తెల్లగుడ్డ తాను ఒకటి తీసింది. మడతల దగ్గర పచ్చబడింది. కొట్టు పెడదామనుకున్న రోజుల్లో కొన్నదట. అంచు ముక్క ఒకటి చింపి పాదం కింద పెట్టి, కుర్చీ లాక్కుని తొక్కడం మొదలుపెట్టింది. ముందు మెల్లగా, తర్వాత జోరుగా. ముక్క చివరిదాకా కుట్టి కిటికీ వెలుగులో పట్టుకుంది. తిరగేసింది. కుట్టు పొడవునా గోరుతో తడిమి చూసింది.

"అయితే మద్దెలే ఓడన్నమాట" అంది.

"అవునమ్మా."

"నీ నోరు పడిపోను! ముప్పై ఆరేళ్ళు నాచేత దిండ్లు కుట్టించావు కదరా!" అంటూ భోరుమంది. కొంగు అడ్డం పెట్టుకోలేదు. "దిండుకేముంది? నాలుగు మూలలు! చొక్కా అయితే మెడ ఉంటుంది, భుజం ఉంటుంది, చంక ఉంటుంది. లోపల ఒక మనిషుంటాడు!"

మేస్త్రి తలవంచుకుని నిలబడ్డాడు. ఆయనకీ కళ్ళు నిండాయి, తుడుచుకోలేదు. కోడలు మంచినీళ్ళు తెచ్చి ఎవరికివ్వాలో తెలియక మధ్యలో నిలబడింది.

కాసేపటికి పెద్దావిడ ముక్కు చీదుకుని, మెళ్ళో టేపు వేసుకుని లేచింది.

"ఇటు రా. చేతులు చాపు."

"ఎందుకమ్మా?"

"మొదటి చొక్కా నీకే. నా చెయ్యి బరువో కాదో నీ ఒంటిమీదే తేల్చుకుంటాను. కోడలా, అంకెలు రాసుకో."

మెడ, ఛాతీ, చెయ్యి, పొడవు కొలిచింది. ఆ వేళ్ళు తగిలీ తగలనట్టు తేలికగా కదిలాయి. భుజాల దగ్గర రెండుసార్లు కొలిచి, వెనక్కి జరిగి చూసింది.

"ఎడమ భుజం దిగిపోయింది నీది. ఇన్నాళ్ళూ ఏ దర్జీ చెప్పలేదా?"

"ఎప్పుడూ కొన్నవే వేసుకుంటానమ్మా."

"బాగుంది సంబడం! చెప్పులు కుట్టేవాడు ఉత్తకాళ్ళతో తిరిగినట్టు. రేపు సాయంత్రం రా. రాకపోయావో, నేనే నీ కొట్టుకొచ్చి నలుగురి ముందూ తొడుగుతాను."

"వస్తానమ్మా" అన్నాడు మేస్త్రి. ఆ రోజు మొదటిసారి నవ్వాడు.

ఇంటికొచ్చి భార్యకి ఆ మాటే చెప్పాడు. "మరి డాక్టరో?" అందామె. "అదీ రేపే. ముందు చొక్కా" అన్నాడు. తెల్లగుడ్డకి మరకంటకూడదని నూతి దగ్గర కూర్చుని వేలికొసలు రెండుసార్లు సబ్బుతో రుద్దుకున్నాడు. అన్నం తిని పడుకున్నాడు.

పొద్దున భార్య లేపితే లేవలేదు. నిద్రలోనే గుండె ఆగిపోయిందని డాక్టరు చెప్పాడు.

కబురు వీధి చివరికి చేరేసరికి మధ్యాహ్నమైంది. పెద్దావిడ గుండీలు కుడుతోంది. కోడలు ఏడుస్తూ చెప్పింది. ఆవిడ సూదిలోకి కొత్త దారం ఎక్కించుకుంది.

"ఇంకెందుకత్తయ్యా, ఉంచేయండి" అంది కోడలు.

"ఇంకా రెండు గుండీలున్నాయి" అంది ఆవిడ. అవి కూడా కుట్టి, దారం కొరికి, చొక్కా ఇస్త్రీ చేసింది.

వారం తర్వాత తనే తీసుకెళ్ళి మేస్త్రి భార్య చేతిలో పెట్టింది. ఇద్దరూ కొట్టులో కూర్చుని కాసేపు ఏడ్చారు, కాసేపు ఆయన నోటి దురుసు గురించి చెప్పుకుని నవ్వారు. అప్పుడే పలకరించడానికి వచ్చిన దర్జీకి, సరిపోతే తీసుకోమని మేస్త్రి భార్య ఆ చొక్కా ఇచ్చింది. దర్జీ తొడుక్కుని చూశాడు. కుడివైపు చక్కగా కూర్చుంది. ఎడమవైపు భుజం దగ్గర పట్టేసింది. కుట్టు ఎంతసేపో పరీక్షగా చూసి, ఇది ఇంకెవరికీ పట్టదమ్మా అని విప్పి ఇచ్చేశాడు.

అది ఇప్పుడు కొట్టులో బల్ల పైన గోడకి, మేస్త్రి రోజూ తన చొక్కా విప్పి తగిలించే మేకుకే ఉంది. సన్నటి తెల్లగుడ్డ, ఎక్కడా తప్పని కుట్టు, ఎడమ భుజం అర అంగుళం కిందికి.