పాలిష్ పట్టిన అమెరికా కాసు

మాచర్ల నుంచి నరసరావుపేట దాకా నాగమ్మ కొంగుముడి మీద నుంచి చెయ్యి తీస్తే ఒట్టు. ముడిలో ఉన్నది అమెరికా వాళ్ల ఐదు డాలర్ల బంగారు కాసు, రెండు వందల ఏళ్ల పైనాటిది. మిషను ఆసుపత్రి దొరసాని తన దేశం వెళ్లిపోతూ, తన దగ్గర ఆయాగా చేసిన నాగమ్మ అమ్మమ్మ చేతిలో పెట్టి పోయింది. టోపీ పెట్టుకున్న ఆడమనిషి బొమ్మ, చుట్టూ చుక్కలు. ఏ దేశందైతేనేం, లక్ష్మి లక్ష్మే అనుకుని శ్రావణ శుక్రవారాల్లో కలశం ముందు పెట్టి మొక్కారు. చింతపండు పెట్టి తోమడానికి కూడా భయపడ్డారు.

మామూలుగా అయితే చచ్చినా అమ్మేది కాదు. కానీ మొగుడు చిన్నకోటయ్యకు ఊపిరాడటం లేదు మరి! నాపరాళ్ల ఫ్యాక్టరీలో రాళ్లకు పాలిష్ పట్టీ పట్టీ ఆ దుమ్మంతా రొమ్ములో గడ్డకట్టుకుంది. హైదరాబాదులో ఊపిరితిత్తులు మార్పిస్తే తప్ప బతకడని డాక్టర్లు మొహాన చెప్పేశారు.

నరసరావుపేటలో పాత నాణేలు కొనే శౌరి, ఆమె ఫోన్లో పంపిన ఫొటో చూసి ఎగిరి గంతేశాడు. "సంవత్సరంలో చివరి అంకె కింద ఇంకో అంకె కనపడతావుందమ్మా. ముందటేడు అచ్చులోనే అంకె దిద్ది కొట్టారు. ఇట్టాంటివి చానా అరుదు. అసలుదని తేలితే మీ ఆయన ఆపరేషన్ గురించి ఇంక దిగులుపడమాక" అన్నాడు. ఆ రోజు చాన్నాళ్లకు నాగమ్మకు అన్నం సహించింది.

ఇప్పుడు తన కొట్లో శౌరి కాసు తీసుకుని తూకం వేశాడు. సరిపోయింది. భూతద్దం కింద పెట్టగానే మొహం మాడిపోయింది.

"దీన్ని ఎవరు రుద్దారు?"

"మా ఆయనండీ. మీరు అద్దం పెట్టి చూస్తారని చెప్పా. మురిగ్గా ఉంటే రేటు తగ్గిద్దని, రాళ్లకు పెట్టే పౌడరు గుడ్డకద్ది, దగ్గుతానే పొద్దంతా కూర్చుని రుద్దాడు. పాలిష్ లేకపోతే రాయిని కూడా ఎవరూ కొనరు గదా సార్."

శౌరి తల పట్టుకున్నాడు. "ఎంత పని చేశాడమ్మా! అచ్చులోంచి వచ్చినప్పటి పైపొర అట్టాగే ఉండాలి దీనికి. అదే దీని ప్రాణం. అది కాస్తా పోయింది. కింది అంకె అసలు లేదు, పై అంకె కూడా అరిగింది."

"ఫొటోలో ఉంది గదండీ!"

"ఫొటోలోది ఇదేనని ఎట్టా చెప్తాం? బంగారం అసలుదే. కాసు అసలుదని మాత్రం ఇప్పుడు ఎవరూ సర్టిఫికెట్ ఇవ్వరు. కంసాలి దగ్గర తూచి అమ్ముకోవాల్సిందే."

"ఆ డబ్బు హైదరాబాదుకు..."

"చాలదమ్మా."

నాగమ్మ కాసు తీసుకుని మళ్లీ కొంగున ముడేసుకుంది. ఏడుపు కూడా రాలేదు. ఎవరిని తిట్టాలి? బతుకుదామనే కదా ఆ పిచ్చి మహానుభావుడు అంత అవస్థపడి రుద్దింది! నీ ప్రాణం నువ్వే చేతులారా తీసుకున్నావయ్యా అని ఆ మనిషికి ఏ నోటితో చెప్పాలి?

ఇంటికొచ్చేసరికి చిన్నకోటయ్య ముక్కుకు ఆక్సిజన్ గొట్టంతోనే మంచం మీద లేచి కూర్చున్నాడు.

"ఏమే, ఏమన్నాడు? చూసి అదిరిపోయాడా?"

"అదిరిపోయాడు."

"నేను చెప్పలా! ఆ మెరుపు చూస్తే ఎవుడైనా పడిపోవాల్సిందే. కొంటాడంటనా?"

"కొంటాడంటయ్యా. బేరం కుదిరింది."

చిన్నకోటయ్య నవ్వాడు. నవ్వితే దగ్గొచ్చింది, అయినా నవ్వు ఆపలేదు. ఆ మొహంలో అంత సంతోషం చూసి ఎన్నాళ్లయిందో!

"అయితే హైదరాబాదు ఎప్పుడు పోదాం?"

"డబ్బు చేతికి రాంగానే."

"ఇప్పుడే సర్దవే సంచి. నీలం చొక్కా మరిచిపోబాక. బాగై వచ్చేటప్పుడు అదే తొడుక్కుని దిగుతా, మన బజారంతా చూడాల."

నాగమ్మ అటక మీది సంచి దించింది. మొహం కనపడకుండా అటు తిరిగి కూర్చుని, మొగుడి చొక్కాలు ఒక్కొక్కటే మడతపెట్టి సర్దింది. నీలం చొక్కా అన్నిటికన్నా పైన పెట్టింది.